తిరుపతి లాడ్జి పీఆర్ఐ కేసు: చిత్తూరుకు కాల్ పోదు, పదహారో కాల్ దాటితే మాట తారుమారు

తిరుపతి రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో నూరు గదులు దాటిన ఒక లాడ్జి. అదే యజమానికి చిత్తూరులో ఇంకో బ్రాంచి ఉంది. తిరుపతిలో రాగి తీగ మీద వచ్చే పాత పీఆర్ఐని (ఒకేసారి ముప్పై కాల్స్ మోసే డిజిటల్ లైను) ఆపరేటర్ తీసేసి, ఫైబర్ మీద సిప్ ట్రంక్ (ఇంటర్నెట్ పద్ధతిలో కాల్స్ మోసే లైను) ఇచ్చారు. ఈపీఏబీఎక్స్ (లాడ్జి లోపలి టెలిఫోన్ ఎక్స్ఛేంజ్) ఇంకా బాగానే ఉంది కాబట్టి దాన్ని మార్చలేదు. సిప్‌ను ఈ1గా (పాత పీఆర్ఐ నడిచే తరహా లైనుగా) మార్చే గేట్‌వే ఒకటి మధ్యలో పెట్టారు. ఈపీఏబీఎక్స్‌లో ఈ1 కార్డు పాతబడిందని అదే రోజు కొత్త కార్డు వేశారు. సాయంత్రం రెండు టెస్ట్ కాల్స్ చేశారు, రెండూ కలిశాయి, పని ముగిసిందని సంతకం పెట్టించుకున్నారు.

మర్నాటి నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. తిరుపతి నంబర్లకు కాల్ పోతుంది, చిత్తూరుకు పోదు. ఏ నంబరైనా నొక్కిన తర్వాత పదిహేను సెకన్లు చడీచప్పుడు ఉండదు. ట్రావెల్ డెస్క్ ఫ్యాక్స్ సగం పేజీలో తెగుతుంది. శని, ఆదివారాల్లో గదుల కోసం ఫోన్లు ఎక్కువైనప్పుడు రిసెప్షన్‌లో ఒకరికి చేసిన కాల్‌లో ఇంకొకరు పలుకుతారు.

నాలుగు ఫిర్యాదులకు నాలుగు కారణాలు వినిపించాయి: చిత్తూరు ఎక్స్ఛేంజ్ పడిపోయిందని, ఇంటర్నెట్ నెమ్మదని, ఫ్యాక్స్ మిషన్ ముసలిదైందని, లైన్లు ఎక్కడో క్రాస్ అయ్యాయని. అసలు సంగతి ఒక్కటే. కొత్త కార్డుకు ప్రోగ్రామ్ చేతితో రాయకుండా చిత్తూరు బ్రాంచి కార్డు నుంచి కాపీ చేశారు, రూట్లలో నంబరు రకాలు మాత్రమే చేత్తో వేశారు. ఆ కార్డు ఒకప్పుడు రెండు బ్రాంచిల మధ్య టై-లైన్ నడిపింది. పబ్లిక్ నెట్‌వర్క్ లైనుకు రాసిన ప్రోగ్రామ్ కాదది.

వైరింగ్, వరస

ఈపీఏబీఎక్స్ నుంచి గేట్‌వేకు ఈ1, అంటే సెకనుకు 2,048 కిలోబిట్లు, 32 టైమ్‌స్లాట్లు. 0వ స్లాట్ ఫ్రేమింగ్‌కు, 16వ స్లాట్ డీ-చానల్‌కు (కాల్ కట్టే సందేశాలు, అంటే సిగ్నలింగ్ నడిచే దారికి) పోతే మాటకు మిగిలేవి 30. తీగ 120 ఓమ్‌ల జత. ఆర్‌జే-45లో 1-2 ఒక జత, 4-5 ఇంకో జత. క్రాస్ కేబుల్ అయితే 1ని 4కు, 2ని 5కు కలపాలి. లైన్ కోడ్ హెచ్‌డీబీ3. సీఆర్‌సీ-4 రెండు వైపులా ఆన్‌లో ఉంది. ఇక్కడ తప్పేమీ లేదు, కార్డు మీద ఎర్ర దీపం ఒక్కటీ వెలగలేదు. గేట్‌వే నుంచి ఆపరేటర్ సరిహద్దు సర్వర్, అంటే ఎస్‌బీసీ దాకా సిప్. అక్కడి నుంచి అవతలికి ఐసప్పో, సిప్-ఐయో (ఎక్స్ఛేంజ్‌ల మధ్య సిగ్నలింగ్) పోతుంది. లాడ్జికి అది కనిపించదు గానీ దాని జాడ కాజ్ కోడ్‌ల (కాల్ ఎందుకు కుదరలేదో చెప్పే అంకెల) రూపంలో వెనక్కి వస్తుంది.

ఏ పేరు దేనికి

ఈ కేసులో సగం సమయం పేర్ల వల్ల పోయింది. కాబట్టి ముందు అవి తేల్చుకోవాలి.

పీఆర్ఐ అనేది ప్రోటోకాల్ కాదు, ఇంటర్‌ఫేస్ పేరు. మాట మోసే 30 బీ-చానళ్లు, ఒక డీ-చానల్ ఉన్న గొట్టం అనుకోవచ్చు. ఆ గొట్టంలో ఏ భాష నడుస్తుందో పీఆర్ఐ అన్న మాట చెప్పదు. పబ్లిక్ ఎక్స్ఛేంజ్‌కూ చందాదారుకూ మధ్య నడిచేది డీఎస్ఎస్1. అందులో రెండో పొర క్యూ.921, మూడో పొర క్యూ.931. ఇవే సిఫారసులకు ఐ.441, ఐ.451 అని ఇంకో జత నంబర్లు ఉన్నాయి. పాత మాన్యువల్‌లో ఐ.451 కనిపిస్తే వేరే ప్రమాణమేమో అని వెతకనక్కర్లేదు, అది క్యూ.931యే. ఐటీయూ-టీ (టెలిఫోన్ ప్రమాణాలు రాసే అంతర్జాతీయ సంస్థ) సిఫారసుల్లో ముందుండే అక్షరం శాఖను చెబుతుంది: క్యూ అంటే స్విచింగ్, సిగ్నలింగ్, జీ అంటే ట్రాన్స్‌మిషన్, ఈ అంటే నంబరింగ్ వగైరా, ఐ అంటే ఐఎస్‌డీఎన్. సీసీఐటీటీ అన్నా ఇదే సంస్థ, 1993లో పేరు మారింది.

ఎస్ఎస్7, సీసీఎస్7, సీ7, నంబర్ సెవెన్ అన్నీ ఒకటే. 1980 నాటి సీసీఐటీటీ ఎల్లో బుక్‌లో మొదట అచ్చయింది. అది ఎక్స్ఛేంజ్‌కూ ఎక్స్ఛేంజ్‌కూ మధ్య నడిచే సిగ్నలింగ్. కాల్స్ కట్టే భాగం ఐసప్, దాన్ని మోసే కింది పొరలు ఎంటీపీ. లాడ్జి ఈపీఏబీఎక్స్ దాకా ఎస్ఎస్7 రాదు. పీఆర్ఐని పట్టుకుని ఎస్ఎస్7 లైన్ అనే అలవాటు మన దగ్గర ఉంది. మామూలుగా అది వట్టి మాటే, కానీ ఈ కేసులో దాని వల్ల నష్టం జరిగింది. అది కింద వస్తుంది.

క్యూసిగ్ మూడోది. ఈపీఏబీఎక్స్‌కూ ఈపీఏబీఎక్స్‌కూ మధ్య, ఒకే సంస్థ లోపల నడిచేది. ఐఎస్ఓ పేరు పీఎస్ఎస్1. దీని చిక్కు ఏమిటంటే మామూలు కాల్‌కు క్యూ.931 సందేశాలనే వాడుకుంటుంది. మొదటి బైటు, అంటే ప్రోటోకాల్ డిస్క్రిమినేటర్, రెండింటికీ 08. అందుకే ఒక వైపు క్యూసిగ్, ఇంకో వైపు డీఎస్ఎస్1 పెట్టినా లింకు లేస్తుంది, కాల్ కలుస్తుంది. ఆ సాయంత్రం టెస్ట్ కాల్స్ రెండూ కలిసింది అందుకే. లింకు అసలు లేవకపోయి ఉంటే ఆ రోజే ఎవరో ఒకరు ప్రోగ్రామ్ తెరిచి చూసేవారు.

మెనూల్లో నెట్5, యూరో ఐఎస్‌డీఎన్, ఈటీఎస్ఐ అని కనిపించేవన్నీ డీఎస్ఎస్1 యూరప్ రూపానికి పేర్లు. మన ఈ1 లైన్లకు ఎంచుకోవాల్సింది అదే. అదే మెనూలో 5ఈఎస్ఎస్ అని ఒకటి ఉంటుంది. అది ఎక్స్ఛేంజ్ పేరు కూడా కాబట్టి, మన ఎక్స్ఛేంజ్ అదే కదా అని దాన్ని ఎంచుకునేవారున్నారు. మెనూలో ఆ పేరు అమెరికా టీ1 లైన్ల తరహాకు పెట్టింది, ఇక్కడ పనికిరాదు.

ట్రేస్ చదివే ముందు

గేట్‌వేలో క్యూ.921, క్యూ.931 డీబగ్, సిప్ డీబగ్ మూడూ ఒకేసారి ఆన్ చేసి, గడియారం ఎన్‌టీపీతో సరిచేసి, ఒక్కో ఫిర్యాదుకు ఒక్కో కాల్ చేసి పట్టుకోవాలి. ఆ సందేశాల రికార్డే ట్రేస్. రద్దీ గంటలో అన్నీ కలిపి పట్టుకుంటే వేల వరసల్లో వెతుక్కోవాల్సి వస్తుంది.

డీబగ్‌లు బైట్లను పదహారు ఆధారంగా చూపిస్తాయి. ఇక్కడ ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్ అక్షరాలతో రాస్తున్నాం. ఒక హెచ్చరిక: బైటును ఒంటరిగా చదవకూడదు. ఎ1 అనే బైటునే తీసుకోండి. విడిగా వస్తే అది సెండింగ్ కంప్లీట్, నంబరు పూర్తయిందన్న గుర్తు. 70తో మొదలయ్యే పిలిచిన నంబరు లోపల వస్తే జాతీయ నంబరు, ఈ.164 (మామూలు టెలిఫోన్ నంబరింగ్) పద్ధతి అని అర్థం. 18తో మొదలయ్యే చానల్ గుర్తింపు లోపల వస్తే ఫలానా చానల్ ఇష్టం, మార్చినా ఒప్పుకుంటాం అని అర్థం. అక్కడే ఎ9 ఉంటే ఆ చానలే కావాలి, మార్చడానికి వీల్లేదు అని. ఎ2 కూడా అంతే: కాజ్ లోపల 34, అంటే సర్క్యూట్ ఖాళీ లేదు, బేరర్ (కాల్ రకం చెప్పే భాగం) లోపల మ్యూ-లా, అంటే మాటను బైట్లుగా మార్చే ఒక పద్ధతి. మనకు కావాల్సింది ఎ-లా, అది ఎ3. మామూలు మాట కాల్‌కు బేరర్ 04 03 80 90 ఎ3 అని ఉండాలి. ఇక్కడ అలాగే ఉంది.

మొదటి తప్పు: చిత్తూరు

రిసెప్షన్‌లో 0, 8572, తర్వాత ఆరంకెలు నొక్కుతారు. ట్రేస్‌లో సెటప్ (కాల్ మొదలుపెట్టే) సందేశం లోపల పిలిచిన నంబరు ఇలా కనిపించింది: 70 0సి బి1 30 38 35 37 32, ఆ తర్వాత ఆరు బైట్లు. 0సి అంటే పొడవు 12: రకం బైటు ఒకటి, అంకెలు పదకొండు. 30 అంటే 0, 38 అంటే 8, అలా చదువుకోవాలి. తప్పు మూడో బైటులో ఉంది. బి1ని విడదీస్తే నంబరు రకం 3, నంబరింగ్ పద్ధతి 1.

క్యూ.931లో నంబరు రకాలు: 0 తెలియదు, 1 అంతర్జాతీయ, 2 జాతీయ, 3 నెట్‌వర్క్ సొంతం, 4 చందాదారు. ఐసప్‌లో ఇదే పనికి నేచర్ ఆఫ్ అడ్రస్ అనే ఖానా ఉంది, అంకెలు మాత్రం వేరు: 1 చందాదారు, 2 తెలియదు, 3 జాతీయ, 4 అంతర్జాతీయ. ప్రోగ్రామ్ చేసినవారి చేతిలో ఉన్న కాగితం ఐసప్‌ది. లైనును ఎస్ఎస్7 అనుకోవడంతో వచ్చిన చిక్కు ఇదే. జాతీయ అంటే 3 అని చూసి ఎస్‌టీడీ రూట్‌లో 3 వేశారు. విదేశీ రూట్‌లో 4 వేశారు. క్యూ.931లో 4 అంటే చందాదారు నంబరు, అంటే పక్క వీధి. కువైట్‌కు చేసిన కాల్‌కు గేట్‌వే ముందు +91877 తగిలించి పంపేది. ఆ ఫిర్యాదు ఇంకా రాలేదు గానీ ట్రేస్‌లో సీ1 బైటు రూపంలో సిద్ధంగా ఉంది.

గేట్‌వేలో నంబరు మార్చే సూత్రాలు 0, 1, 2, 4 రకాలకు రాసి ఉన్నాయి, 3కు లేదు. అంకెలు ఉన్నవి ఉన్నట్టు పోయాయి. ఎస్‌బీసీకి +91తో మొదలయ్యే నంబరు కావాలి. అది 484, అంటే చిరునామా అసంపూర్ణం అని తిప్పి పంపింది. ఆర్‌ఎఫ్‌సీ 3398 ప్రకారం 484ను గేట్‌వే క్యూ.850 కాజ్ 28గా (నంబరు రూపం తప్పు లేదా అసంపూర్ణం) మార్చి ఈపీఏబీఎక్స్‌కు ఇచ్చింది: 08 02 82 9సి. 9సిలో పై బిట్టు తీస్తే 1సి, అంటే 28. దాని ముందున్న 82లో చివరి 2 తిరస్కరించిన చోటును చెబుతుంది: మనకు సేవ ఇచ్చే దగ్గరి పబ్లిక్ నెట్‌వర్క్. చిత్తూరు ఎక్స్ఛేంజ్ కాదనడానికి ఈ ఒక్క అంకె బలమైన సూచన. అవతలి చందాదారు వైపు నెట్‌వర్క్ తిరస్కరించి ఉంటే అక్కడ 4 వచ్చేది. కాజ్ నంబరు మాత్రమే రాసుకుని చోటు రాయకుండా ఫిర్యాదు ఇచ్చేవారి టికెట్లు ఆపరేటర్ దగ్గర రోజుల తరబడి పడి ఉండటానికి ఇదే కారణం.

3ను 2 చేస్తే సరిపోతుందనుకుంటే, ఇంకో పొర ఉంది. రకం 2 అని చెప్పినప్పుడు అంకెల్లో ముందు 0 ఉండకూడదు. 0 అనేది నంబరులో భాగం కాదు, డయల్ చేసే అలవాటు. 2 పెట్టి 0 వదిలేస్తే గేట్‌వే +91 ముందు పెట్టి +9108572 అని పంపుతుంది, మళ్లీ 484, మళ్లీ 28. అదే కాజ్ రెండోసారి వచ్చేసరికి మార్చిన విలువ పని చేయలేదేమో అని వెనక్కి తిప్పేస్తారు. ఇక్కడా మొదట అదే జరిగింది. సరైన రూపం 70 0బి ఎ1 38 35 37 32, తర్వాత ఆరు: పొడవు 11, సున్నా లేదు.

తిరుపతి లోకల్ ఎందుకు పోయింది? ఆ రూట్‌లో రకం 0, బైటు 81. తెలియని రకానికి గేట్‌వే +91877 తగిలిస్తుంది, ఏడంకెలతో కలిపి సరిగ్గా కుదురుతుంది.

ఆ సూత్రంలోనే ఎవరూ ఫిర్యాదు చేయని ప్రమాదం దాగుంది. 108 నొక్కితే అది కూడా తెలియని రకమే. గేట్‌వే +91877108 చేసి పంపింది. 112 కూడా అంతే. యాత్రికులు, అందులో పెద్ద వయసువాళ్లు దిగే లాడ్జిలో అంబులెన్స్ నంబరు పోకపోవడం మిగతా నాలుగు ఫిర్యాదులకన్నా పెద్దది. 1తో మొదలయ్యేవాటికి వేరే సూత్రం పైన పెట్టాలి: ఏమీ తగిలించకుండా పంపు. ఎస్‌బీసీకి పొట్టి నంబర్లు ఏ రూపంలో కావాలో ఆపరేటర్ నుంచి రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. ఫోన్‌లో చెప్పిన మాట షిఫ్టు మారితే మారిపోతుంది.

రెండో తప్పు: పదిహేను సెకన్ల మౌనం

ఈపీఏబీఎక్స్ అంకెలన్నీ సెటప్‌లోనే పంపుతోంది గానీ, నంబరు పూర్తయిందన్న విడి ఎ1 బైటు పెట్టడం లేదు. టై-లైన్ మీద ఎక్స్‌టెన్షన్ నంబర్లు ముక్కలుగా పంపే ఓవర్‌ల్యాప్ పద్ధతి నుంచి వచ్చిన సెట్టింగ్ అది. గేట్‌వే కూడా ఓవర్‌ల్యాప్ తీసుకునే స్థితిలో ఉంది. సెటప్ రాగానే కాల్ ప్రొసీడింగ్ (02) ఇవ్వాల్సింది, సెటప్ అక్నాలెడ్జ్ (0డి) ఇచ్చి టీ302 టైమర్ మొదలుపెట్టింది. నెట్‌వర్క్ వైపు టీ302 10 నుంచి 15 సెకన్లు, ఇక్కడ 15. ఇంకో అంకె వస్తుందేమో అని ఆగి, రాకపోతే అప్పుడు ఇన్వైట్ (సిప్‌లో కాల్ మొదలుపెట్టే సందేశం) పంపుతుంది. ట్రేస్‌లో సెటప్‌కూ ఇన్వైట్‌కూ మధ్య సరిగ్గా పదిహేను సెకన్లు కనిపిస్తే ఇంటర్నెట్‌ను అనుమానించడం దండగ. నెట్‌వర్క్ ఆలస్యం ప్రతిసారీ ఒకే అంకె మీద నిలబడదు, టైమర్ నిలబడుతుంది.

మందు రెండు వైపులా వేయాలి. ఈపీఏబీఎక్స్‌లో ఎన్‌బ్లాక్ (అంకెలన్నీ ఒకేసారి పంపడం), సెండింగ్ కంప్లీట్ ఆన్. గేట్‌వేలో ఓవర్‌ల్యాప్ ఆఫ్. అప్పుడు నంబరు ఎక్కడ ముగుస్తుందో తేల్చే బాధ్యత ఈపీఏబీఎక్స్ మీద పడుతుంది, అంకెల లెక్క పట్టిక సరిగ్గా ఉండాలి. మన దేశంలో ఎస్‌టీడీ కోడ్, నంబరు కలిపి పది అంకెలు: 877 అయితే ఏడు, 8572 అయితే ఆరు. మొబైల్ కూడా పదే. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసేటప్పుడూ ముందు 0 ఉండాలి. కాబట్టి 0తో మొదలైతే మొత్తం పదకొండు అని ఒక్క వరస చాలు. 8తో మొదలయ్యేది మొబైలా, రాయలసీమ ఎస్‌టీడీ కోడా అని విడదీయాల్సిన పని లేదు. 00తో మొదలయ్యే విదేశీ నంబర్లకు పొడవు స్థిరం కాదు, వాటికి మాత్రం 4 సెకన్ల ఆగుడు లేదా చివర్న హాష్. 1తో మొదలయ్యేవి ఒక్కొక్కటీ విడిగా రాయాలి: 112, 108, 101 మూడంకెలు, 1800 వేరే వరస.

మూడో తప్పు: గడియారం

ఫ్యాక్స్ మిషన్‌ను మార్చడానికి ముందు గేట్‌వేలో స్లిప్ (ఫ్రేము జారడం) కౌంటర్ చూడాల్సింది. నిమిషానికి నాలుగు చొప్పున పెరుగుతోంది.

ఈ1లో ఫ్రేము 125 మైక్రోసెకన్లు. రెండు వైపులా ఎవరి స్ఫటికం వాళ్లు వాడుకుంటే ఆ తేడా పోగై ఒక ఫ్రేమంత అయినప్పుడు ఒక ఫ్రేము పోతుంది, లేదా రెండుసార్లు వస్తుంది. లెక్క సులభం: 125 మైక్రోసెకన్లను తేడాతో భాగించాలి. పదిహేను సెకన్లకు ఒక స్లిప్ అంటే తేడా పది లక్షలకు 8 భాగాలు. ఈ1కి అనుమతించిన హద్దు 50 భాగాలు కాబట్టి రెండు కార్డులూ విడివిడిగా మంచివే, అలారం రాదు. అదే రెండు వైపులా జీ.811 (అత్యుత్తమ) స్థాయి గడియారాలు ఉంటే స్లిప్పు డెబ్బై రోజులకు ఒకటి.

ఒక స్లిప్ అంటే ప్రతి టైమ్‌స్లాట్‌లో ఒక బైటు. మాటలో చెవి చాలావాటిని పట్టదు, అందుకే రిసెప్షన్ నుంచి ఫిర్యాదు రాలేదు. ఫ్యాక్స్ మోడెమ్‌కు ఆ బైటు లేకపోతే వరస తప్పుతుంది, నిమిషం పైన పట్టే పేజీకి నాలుగైదు దెబ్బలు. డీ-చానల్ కూడా దెబ్బ తింటుంది గానీ క్యూ.921 తప్పు ఫ్రేమును పారేసి మళ్లీ అడుగుతుంది, దాని టైమర్ టీ200 ఒక సెకను. కాబట్టి సిగ్నలింగ్ పోదు, అప్పుడప్పుడు ఒక సెకను నెమ్మదిస్తుంది. సిగ్నలింగ్ బాగుందని లైన్ బాగుందనుకోవడానికి వీల్లేని చోటు ఇది.

పాత రాగి పీఆర్ఐకి గడియారం ఎక్స్ఛేంజ్ నుంచి వచ్చేది, ఈపీఏబీఎక్స్ దాన్ని అనుసరించేది. టై-లైన్‌లో ఒకరు గడియారం ఇవ్వాలి కాబట్టి చిత్తూరు కార్డులో ఇంటర్నల్ అని పెట్టారు, అదే కాపీ అయింది. సిప్ వైపు నుంచి గేట్‌వేకు ఈ1 గడియారం రాదు, అది సొంతదే ఇస్తుంది. రెండూ గడియారం ఇచ్చేవే, అనుసరించేది లేదు. ఈపీఏబీఎక్స్ కార్డును లైన్ గడియారానికి మార్చి, గేట్‌వేను ఇంటర్నల్‌లో ఉంచి, కౌంటర్ సున్నా చేస్తే కదలకుండా నిలబడింది. ఈపీఏబీఎక్స్‌లో ఒకటికి మించి ఈ1 కార్డులుంటే ఏది మొదటి వనరు, ఏది రెండోది అన్న వరస కూడా చూడాలి. కార్డు మార్చి వరస మార్చకపోతే ఖాళీ పోర్టు నుంచి గడియారం తీసుకునే ఈపీఏబీఎక్స్‌లున్నాయి.

నాలుగో తప్పు: పదహారో కాల్

అన్నిటికన్నా చిత్రమైనది ఇదే. నిశ్శబ్దంగా ఉన్న రోజు ఎన్నిసార్లు పరీక్షించినా దొరకదు.

30 బీ-చానళ్లకు నంబర్లు పెట్టడంలో రెండు పద్ధతులున్నాయి. డీఎస్ఎస్1లో చానల్ నంబరంటే టైమ్‌స్లాట్ నంబరే: 1 నుంచి 15, తర్వాత 17 నుంచి 31. క్యూసిగ్ కార్డుల్లో వరస నంబరింగ్ అని ఒక ఎంపిక ఉంటుంది: 1 నుంచి 30, మధ్యలో ఖాళీ లేదు, 16వ చానలంటే 17వ స్లాట్. ఐసప్ నుంచి వచ్చినవారికి మొదటి పద్ధతే సహజం. అక్కడ సర్క్యూట్ గుర్తింపు కోడ్ 12 బిట్లు, అందులో కింది ఐదు బిట్లు నేరుగా టైమ్‌స్లాట్. కోడ్ 49 అంటే 1వ నంబరు పీసీఎం (ఈ1 లైను), 17వ స్లాట్.

ఈపీఏబీఎక్స్ వరస నంబరింగ్‌లో ఉంది, గేట్‌వే స్లాట్ నంబరింగ్‌లో ఉంది. మొదటి పదిహేను కాల్స్‌కు రెండూ ఒకటే, ఏ తేడా రాదు. పదహారో కాల్‌కు ఈపీఏబీఎక్స్ 18 03 ఎ9 83 90 అని పంపింది. చివరి 90 అంటే 16. గేట్‌వే లెక్కలో అది డీ-చానల్. అలాంటి బీ-చానలే లేదని కాజ్ 82తో తిప్పికొట్టింది, బైటు డి2. ఎ9 బదులు ఎ1 ఉండి ఉంటే గేట్‌వే వేరే చానల్ చూపించి ఉండేది. టై-లైన్ ప్రోగ్రామ్ అక్కడా మొండికేసింది.

పదిహేడో కాల్ కలిసింది, అదే అసలు గొడవ. దీన్ని మొదటి కాల్ అందాం. ఈపీఏబీఎక్స్‌కు 17 అంటే 18వ స్లాట్, గేట్‌వేకు 17వ స్లాట్. లాడ్జి వైపు మాట 18లో పోతుంది, బయటి మనిషి మాట 17లో వస్తుంది. ఇద్దరికీ నిశ్శబ్దం. హలో హలో అనుకుంటూ ఉండగా ఇంకొకరు ఇంకో కాల్ చేస్తారు: ఈపీఏబీఎక్స్‌కు 18, అంటే 19వ స్లాట్, గేట్‌వేకు 18వ స్లాట్. ఇప్పుడు 18వ స్లాట్‌లో గేట్‌వే వైపు రెండో కాల్ మనిషి, ఈపీఏబీఎక్స్ వైపు మొదటి కాల్ ఎక్స్‌టెన్షన్. వాళ్లిద్దరికీ మాట రెండు దిక్కులా చక్కగా కలుస్తుంది. టాక్సీకి చేసిన రిసెప్షనిస్టుకు ఎవరో గెస్టు బంధువు పలకడం ఇలా జరిగింది. రెండో కాల్ చేసినవారికి ఏమీ వినపడదు. లైన్లు క్రాస్ అయ్యాయని జాయింటర్‌ను పిలిస్తే ఆయన రాగి జతలన్నీ పరీక్షించినా ఏమీ దొరకదు. తప్పు తీగలో లేదు, అంకెలో ఉంది.

లోపలికి వచ్చే కాల్స్‌లో ఇంకో రూపం. గేట్‌వే పైనుంచి కిందికి చానల్ ఎంచుకుంటుంది, మొదట 31 ఇస్తుంది, బైటు 9ఎఫ్. ఈపీఏబీఎక్స్‌కు 30 దాకే తెలుసు. ఆ కాల్ పోయింది. గేట్‌వే తర్వాతి చానల్‌కు మళ్లీ ప్రయత్నించేది, లాగ్‌లో రోజంతా కాజ్ 82లే.

పరీక్ష కోసం రద్దీ దాకా ఆగక్కర్లేదు. గేట్‌వేలో 1 నుంచి 15 చానళ్లను బ్లాక్ చేసి, మిగిలినవాటి మీద రెండు కాల్స్ ఒకేసారి చేస్తే అయిదు నిమిషాల్లో బయటపడుతుంది. కొత్త ఈ1 ఏదైనా ఈ పరీక్ష లేకుండా ఒప్పుకోకూడదు. రెండు కాల్స్‌తో సంతకం పెట్టించుకునే పద్ధతిలో 16వ స్లాట్ దాటి ఎవరూ చూడరు.

చిన్నవి రెండు

స్విచాఫ్ అయిన మొబైల్‌కు చేస్తే ఆపరేటర్ ప్రకటన వినిపించకుండా మౌనం వచ్చేది. సిప్ వైపు 183 (కాల్ సాగుతోందన్న సందేశం) వస్తోంది, మాట కూడా వస్తోంది. గేట్‌వే దాన్ని క్యూ.931లోకి మార్చేటప్పుడు ప్రోగ్రెస్ ఇండికేటర్ 8, అంటే లైనులోనే ధ్వని ఉంది అన్న గుర్తు పెట్టడం లేదు. అది ఆన్ చేశారు.

వచ్చే కాల్ నంబరు +91తో వచ్చి గేట్‌వేలో పదంకెలై, రకం 2తో ఈపీఏబీఎక్స్‌కు చేరుతుంది. మిస్డ్ కాల్ జాబితా నుంచి తిరిగి చేస్తే 0 లేక పోయేది కాదు. రకం 2 అయితే ముందు 0 చేర్చు అన్న వరస ఈపీఏబీఎక్స్‌లో పెట్టాలి.

మార్చిన వరస, ఒప్పుకోలు పరీక్ష

రాత్రి పన్నెండు దాటాక, సుప్రభాత సేవకు వెళ్లే గదులకు మేల్కొలుపు కాల్స్ మొదలవకముందు పని ముగించాలి. ముందు పాత ప్రోగ్రామ్ నకలు తీసి పెట్టుకుని, గడియారం మార్చారు. అది మార్చితే లింకు ఒకసారి పడి లేస్తుంది, నడుస్తున్న కాల్స్ తెగుతాయి. తర్వాత ప్రోటోకాల్‌ను క్యూసిగ్ నుంచి యూరో ఐఎస్‌డీఎన్‌కు, యూజర్ వైపు. దాంతో చానల్ నంబరింగ్ స్లాట్ పద్ధతికి వచ్చిందో లేదో విడిగా చూసుకోవాలి. కొన్ని కార్డుల్లో ప్రోటోకాల్ మార్చినా ఆ ఖానా పాత విలువతోనే ఉండిపోతుంది. ఇక్కడ ఉండిపోయింది. కార్డు రీసెట్ చేశాక రీస్టార్ట్ (46), రీస్టార్ట్ అక్నాలెడ్జ్ (4ఇ) అన్ని చానళ్లకు వచ్చాయి. ఆ తర్వాతే నంబరు రకాలు, సూత్రాలు.

పరీక్షించినవి: తిరుపతి లోకల్ ఏడంకెలు, చిత్తూరు, మదనపల్లె ఎస్‌టీడీ, 0తో మొబైల్, 00తో విదేశం, 1800, 112, 108. అత్యవసర నంబర్లకు కలిసిన వెంటనే ఇది లైన్ పరీక్ష అని చెప్పి పెట్టేయాలి, ఒక్కోదానికి ఒక్క కాల్ మించకూడదు. పై పదిహేను చానళ్ల మీద జంట కాల్స్. పది పేజీల ఫ్యాక్స్ ఒకటి. స్లిప్ కౌంటర్ 24 గంటలు.

వారం తర్వాత చిత్తూరు బ్రాంచికి కూడా ఇలాంటి గేట్‌వే వచ్చింది. ఈసారి తిరుపతి ప్రోగ్రామ్, బాగా పని చేస్తోంది కదా అని, అటు కాపీ అయింది. చిత్తూరు లోకల్ నంబర్లు ఆరంకెలు. ఈపీఏబీఎక్స్ ఏడో అంకె కోసం ఆగి, రాక, ఆరంకెలే పంపింది. గేట్‌వే ముందు +91877 పెట్టింది. మళ్లీ 484, మళ్లీ 28, చోటు 2. లోకల్ అంకెల లెక్క 6, ముందు చేర్చేది +918572 అని మార్చాక కాల్ పోయింది.